రెండో ప్రోగ్రామింగ్ భాషకు మన పాత ప్రోగ్రామే పాఠం

పైథాన్ వచ్చినవారు జావా నేర్చుకుందామని కూర్చుంటే, వేరియబుల్, లూప్ అంటూ తెలిసిన సంగతులే మళ్లీ చదవవలసి వచ్చి మూడో రోజుకే విసుగు పుడుతుంది. నేను రెండుసార్లు అలాగే మధ్యలో వదిలేశాను.

ఈసారి పాఠాల జోలికి పోకుండా, ఇంటి ఖర్చుల లెక్క కోసం పూర్వం పైథాన్‌లో రాసుకున్న సుమారు 80 వరుసల ప్రోగ్రామును తీసుకున్నాను. దానికి ఇచ్చే వివరాలను ఒక ఫైలులోను, అది చూపే ఫలితాన్ని మరొక ఫైలులోను ముందుగా భద్రపరచి, రోజుకు అరగంట చొప్పున అదే ప్రోగ్రామును జావాలో తిరగరాసి, రెండింటి ఫలితాలను, రెండు ఫైళ్ల మధ్య తేడాలను చూపే డిఫ్ కమాండుతో పోల్చి చూశాను. తేడా కనిపించిన చోటే నేర్చుకోవలసినది ఉంటుంది. ఉదాహరణకు, -7ను 2తో పూర్ణాంక భాగహారం చేస్తే పైథాన్‌లో -4 వస్తుంది, జావాలో -3 వస్తుంది. అలాగే జావాలో ఇంట్ అనే పూర్ణాంక రకపు విలువ దాని గరిష్ఠ పరిమితి అయిన 2147483647 దాటేలా ఒకటి కలిపితే, ఏ హెచ్చరికా లేకుండా అది రుణసంఖ్యగా మారిపోతుంది. పైథాన్ పూర్ణాంకాలకు ఈ బెడద లేదు. ఇటువంటి తేడాలను ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మంచిది, ఎందుకంటే వారం తిరిగేసరికి సగం మరచిపోతాము.

అయితే హాస్కెల్ వంటి భాషలకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఒకసారి ఇచ్చిన విలువను మార్చడం, లూపు తిప్పడం మామూలు పద్ధతి కాదు కనుక, వరుసకు వరుస మార్చబోతే పని సాగదు. అటువంటి భాషను మొదటి పాఠం నుంచే చదవాలి.