చెన్నైలో పెట్టిన ఆవకాయ పాడైందా? ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోండి

మాది పల్నాడు. అక్కడ అమ్మ పెట్టిన ఆవకాయ ఏడాది తిరిగినా చెక్కుచెదరదు, అదే కొలతతో చెన్నైలో నేను పెడితే మొదటి ఏడాది శ్రావణం రాకుండానే బూజు పట్టింది. నా చెయ్యి మంచిది కాదని చాలా బాధపడ్డాను కానీ తేడా చేతిలో లేదు, గాలిలో ఉంది. ఇక్కడ కత్తిరి (మే నెల నడివేసవి) ఎండకి తల మాడిపోతున్నా గాలిలో చెమ్మ మాత్రం తగ్గదు.

పైన తెల్లగా కనిపిస్తోంది

టెన్షన్ పడకుండా ముందు వెలుతురులో పెట్టి చూడండి. పలుకులు పలుకులుగా మెరుస్తూ, కాస్త తీసి నీళ్లలో వేస్తే కరిగిపోతే అది ఉప్పే, కలిపేస్తే చాలు. దూదిలా నూగుగా ఉండి, మూత తీయగానే ముక్కిన వాసన వస్తే బూజు. పైపైన తీసేసి అడుగుది తినొచ్చంటారు కొందరు, నేను మాత్రం ఒప్పుకోను. కంటికి కనిపించేది పైన ఉన్నా దాని దారాలు లోపలికి దిగి ఉంటాయి, కొన్ని రకాల బూజు విషం కూడా వదులుతుంది. అంత కాయ, అంత నూనె పోతే ఏడుపొస్తుంది, అయినా పారేయండి.

కారణం దాదాపు ఎప్పుడూ తడే, అది ఎటు నుంచి వచ్చిందన్నదే ప్రశ్న. ఆ ఏడాది నేను కాయలు ఒక్కొక్కటీ తుడిచాను, జాడీ ఎండబెట్టాను, గరిటె కూడా పొడిదే. ఉప్పు సంగతే పట్టించుకోలేదు. రాళ్ల ఉప్పు సంచి విప్పి వంటింట్లో ఉంచితే ఇక్కడ రెండు రోజుల్లో అడుగున చెమ్మ చేరుతుంది, గుప్పిట పట్టి వదిలితే పలుకులు అరచేతికి అతుక్కునే ఉంటాయి. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది మరి. ఇప్పుడైతే పళ్లెంలో పలచగా పరిచి మిట్టమధ్యాహ్నం డాబా మీద పెట్టి, సముద్రపు గాలి తిరగకముందే కిందికి తెచ్చి, దంచి వెంటనే డబ్బాలో పోసి మూత బిగిస్తాను. ఎండ లేని రోజు మూకుడులో సన్న సెగ మీద వేయించి చల్లార్చినా సరిపోతుంది.

నూనె పైకి తేలలేదు

మొదటి రెండు రోజులు తేలకపోయినా పర్వాలేదు, ఆవపిండి పీల్చుకుంటుంది. మూడో రోజు తిరగకలిపి జాడీకి ఎత్తాక ముక్కల మీద వేలు మందాన నూనె నిలవాలి, పైకి పొడుచుకొచ్చిన ముక్క దగ్గరే బూజు మొదలవుతుంది. తక్కువైతే పప్పునూనె (అంటే నువ్వుల నూనె, ఇక్కడి కొట్లో నల్లెణ్ణై అని అడగండి) పచ్చిదే పోయండి. కాచి పోసే అలవాటుంటే పూర్తిగా చల్లారాలి. వేడి నూనె తగిలితే ఆవ ఘాటు చచ్చిపోయి చేదు మిగులుతుంది.

చేదుగా ఉంది

వారం లోపైతే ఆగండి, కొత్త ఆవపిండికి కాస్త చేదు ఉంటుంది, ఊరేకొద్దీ తగ్గుతుంది. నెల దాటినా పోకపోతే మిక్సీని అనుమానించండి. ఆపకుండా తిప్పితే పిండి బాగా వేడెక్కుతుంది. ఎండలో పెట్టిన ఆవాలు చల్లారాక, ఆపి ఆపి తిప్పాలి. నిమ్మకాయ పచ్చడి చేదుకి కారణం వేరు, గింజలు మిగిలిపోవడమో మెంతులు నల్లబడేదాకా వేయించడమో అయి ఉంటుంది. తొక్క చేదైతే ఊరేకొద్దీ అదే తగ్గుతుంది.

ముక్క మెత్తబడింది

దీనికి మందు లేదు. వాసన బాగుంటే ఫ్రిజ్‌లో పెట్టి ముందు అదే తినేయండి. తప్పు కాయ దగ్గరే జరిగింది. కోయంబేడు మార్కెట్లో నిగనిగలాడుతూ చవగ్గా కనిపించే కిళిమూక్కు, అంటే మన కలెక్టర్ కాయ, ఉప్పూ కారం అద్దుకుని తినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఆవకాయకి పులుపు చాలదు. పుల్లగా, పీచుతో, టెంక ముదిరిన కాయ కావాలి, ప్రతి ముక్కకీ టెంక అంటి ఉండాలి. జీడి తీసేసి దాని కింది పల్చటి పొరని కూడా పొడిగుడ్డతో తుడవండి. బయట కోయించుకుంటే కాయలు ఇంట్లోనే కడిగి ఆరబెట్టి తీసుకెళ్లండి, కత్తి తడిగా ఉంటే మొహమాటపడకుండా తుడవమనండి.

నురగ, పులిసిన వాసన

ఉప్పు తక్కువైంది. మా కొలత 4 గ్లాసుల ముక్కలకి గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు దంచిన ఉప్పు. మూడో రోజు నాలుక మీద వేసుకుంటే ఉప్పు ఒక పిసరు ఎక్కువనిపించాలి, ముక్క ఇంకా పీల్చుకోవాలి కాబట్టి. అప్పటికి చప్పగా ఉంటే ఎండిన ఉప్పు కలపండి. వాసన మారిపోయాక కలిపి లాభం లేదు. ఎక్కువైతే మాత్రం ఇంకో పుల్లకాయ కోసి, కారం, ఆవపిండి, నూనె చేర్చి కలిపితే సర్దుకుంటుంది.

ఉసిరికాయ నల్లబడింది

ఇనప కత్తో ఇనప మూకుడో తగిలి ఉంటుంది. ఉసిరిలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు తిరుగుతుంది. పాడైనట్టు కాదు, తినొచ్చు. ఈసారి స్టీలు కత్తి వాడి, గాజు సీసాలోనో జాడీలోనో పెట్టండి, రేకు మూతైతే పులుపుకి తుప్పు పడుతుంది కాబట్టి ప్లాస్టిక్ మూత చూసుకోండి.