చెట్టు చావకుండా బెరడు తీసుకోవడం ఎలా?

మందుకి బెరడు కావాలంటే ముందే కాండం జోలికి పోకండి. కొట్టేసిన కొమ్మలు, గాలికి విరిగి ఇంకా పచ్చిగా ఉన్నవి ఉన్నాయేమో చూడండి. ఇంట్లో కషాయానికి నేను ఎక్కువగా వాడేది కొమ్మ బెరడే. అది ఏ చెట్టుదో మాత్రం ఖాయంగా తెలియాలి. అశోక బెరడు పేరుతో నరమామిడి బెరడు అమ్మేవాళ్లున్నారు. పూలు చూస్తే తేడా తెలిసిపోతుంది: అశోకవి నారింజ, ఎరుపు గుత్తులు, నరమామిడివి లేతాకుపచ్చ పూలు.

కాండం మీదే తీయాల్సి వస్తే, చెట్టు ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకున్నాకే కత్తి పట్టండి. చుట్టూ ఉంగరంలా మాత్రం ఎప్పుడూ ఒలవకండి. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. ఆ దారి తెగితే వేళ్లకు తిండి ఉండదు. చెట్టు కొన్నాళ్లు పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి ఏం కాలేదనుకుంటారు, తర్వాత నిలువునా ఎండిపోతుంది. అలా ఒలిచేసిన చెట్టు కనపడితే నాకు కడుపు మండిపోతుంది.

తెల్లమద్ది అయితే బాగా లావెక్కిన చెట్టునే ఎంచుకుంటాను. ఎండ తగలని వైపు, అరచేతి కంటే తక్కువ వెడల్పుతో, నిలువుగా ఒకే పట్టీ. కత్తి లోతుగా దించను. పై పొర, మధ్య పొర వరకే తీసి, చెక్కకు అంటుకున్న లోపలి పొరను వదిలేస్తాను. దాని కింద తడిగా, జారుడుగా ఉండే పల్చటి పొరే కేంబియం, కొత్త బెరడు పుట్టేది అక్కడే. అది ఎక్కడైనా బయటపడితే గీరకండి, చేత్తో తుడవకండి, ఎండిపోనివ్వకండి. అందుకే మండు వేసవిలో ఈ పని పెట్టుకోను. 19వ శతాబ్దంలో నీలగిరిలో సింకోనా (మలేరియా మందు క్వినైన్ ఇచ్చే చెట్టు) తోటల్ని చూసుకున్న మెక్‌ఐవర్ కూడా బెరడును పట్టీలుగా తీసి, గాయం ఎండకుండా నాచు కప్పించేవారు. అక్కడ బెరడు మళ్లీ పెరిగేది.

పాత గాయం అంచు నుంచి అంచు దాకా పూడితే తప్ప అదే చెట్టు దగ్గరికి వెళ్లకండి. వెళ్లినా ఎదుటి వైపే తీయండి.

తెచ్చిన రోజే మట్టి, నాచు దులిపి, చిన్న ముక్కలు చేసి, గాలాడే నీడలో ఆరబెట్టండి. వంచితే ఫట్‌మని విరగాలి. వంగుతోందంటే లోపల తడి ఉన్నట్టే, డబ్బాలో పెడితే బూజు పడుతుంది. గుండెకో, బీపీకో మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మద్ది కషాయం మొదలుపెట్టొద్దు. డబ్బా మీద చెట్టు పేరు, తీసిన నెలతో పాటు ఏ వైపు తీశారో కూడా రాసి పెట్టుకోండి.