ట్రయల్స్ సైకిల్ సొంతంగా నేర్చుకుందాం – 6వ పాఠం: పొడి రోజులకు రిమ్ బ్రేక్ ప్యాడ్లు

ట్రయల్స్ అంటే కాలు నేలకి ఆనకుండా బండలు, గట్ల మీద సైకిల్‌తో గెంతే ఆట. పోయిన పాఠంలో వెనక బ్రేక్ లివర్‌ని ఒక్క చూపుడువేలికి అందేలా జరుపుకున్నాం, గొట్టంలో ఇరుక్కున్న గాలిని తీసేశాం. లివర్ ఇప్పుడు గట్టిగా తగులుతుండాలి. అయినా వెనక చక్రం మీద లేచి గెంతబోయే క్షణంలో చక్రం కొంచెం జారినట్టు తెలుస్తుంటే, ఇక చూడాల్సింది ప్యాడ్‌నీ (బ్రేకులో చక్రాన్ని నొక్కే ముక్క), అది నొక్కే రిమ్‌నీ (టైరు కూర్చునే లోహపు చట్రం). ఈసారి పొడి రోజుల వరకే మాట్లాడుకుందాం. తడిసిన రిమ్ కథ పూర్తిగా వేరు, దానికి ఏడో పాఠం ఉంది.

రోడ్డు మీద తిరిగే సైకిల్ బ్రేకు పరుగెత్తే చక్రాన్ని ఆపుతుంది. ఆ వేగమంతా ప్యాడ్ దగ్గర వేడిగా మారుతుంది. అందుకే షాపులో దొరికే నల్ల రబ్బరు ప్యాడ్లను వేడికి తట్టుకునేలా, వానలో పనిచేసేలా, రిమ్‌ని తినేయకుండా, త్వరగా అరగకుండా తయారుచేస్తారు. ఇన్ని గుణాలు ఒక్కదాంట్లో కావాలంటే పట్టులో కొంత వదులుకోక తప్పదు. మన ఆటలో వేగం నడక వేగమే. బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకోవాలి, వదిలితే తిరగాలి. మధ్యలో రాసుకుంటూ పోయే పని దాదాపు లేదు. వేడి పుట్టదు కాబట్టి ట్రయల్స్ ప్యాడ్లు చేసేవాళ్లు వేడి ఊసు వదిలేసి, పాలీయురేథేన్ లాంటి బాగా అతుక్కునే ప్లాస్టిక్‌ల వైపు వెళ్లారు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో జీళ్ల ముక్కల్లా కనిపించే ప్యాడ్లు అవే. వాటిని బిగించుకుని హార్స్‌లీ కొండ ఘాట్ దిగుదామని మాత్రం అనుకోకండి. బ్రేకు అదేపనిగా నొక్కిపట్టి నాలుగు మలుపులు తిరిగేసరికి మెత్తబడి రిమ్‌కి పూసుకుపోతాయి.

ఎంత పట్టు కావాలో ఒక లెక్క వేద్దాం. మీ బరువు 70 కిలోలు, క్రాంక్ (పెడల్ బిగించే చేయి) పొడవు 170 మిల్లీమీటర్లు, ముందు పళ్లచక్రానికి 18 పళ్లు, వెనకదానికి 15 అనుకోండి. బ్రేకు నొక్కిపట్టి ముందున్న పెడల్ మీద బరువంతా మోపితే, వెనక చక్రాన్ని తిప్పాలని చూసే మెలి బలం (టార్క్) సుమారు 97 న్యూటన్ మీటర్లు. 26 అంగుళాల చక్రంలో ప్యాడ్ తగిలే చోటు ఇరుసుకి దాదాపు 27 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి అక్కడ ప్యాడ్లు ఆపాల్సిన లాగుడు 36, 37 కిలోలు. అదే 160 మిల్లీమీటర్ల డిస్క్ అయితే ప్యాడ్ తగిలేది ఇరుసుకి 7 సెంటీమీటర్ల దగ్గర, ఆపాల్సింది 140 కిలోలు. చాలామంది డిస్క్‌లకు మారిపోయినా వెనక రిమ్ బ్రేకు ఈ ఆటలో ఇంకా బతికి ఉండటానికి ఈ దూరమే పెద్ద కారణం. జర్మనీకి చెందిన మగూరా 1987లో హైడ్రాలిక్ (గొట్టంలోని ద్రవం ఒత్తిడితో నొక్కే) రిమ్ బ్రేకు తెచ్చింది. దాని హెచ్‌ఎస్33 రకం ట్రయల్స్‌వాళ్లకు అలవాటైపోయింది. 1996లో షిమానో వి-బ్రేక్ వచ్చాక తీగతో లాగే బ్రేకు కూడా పనికొచ్చేంత బలం తెచ్చుకుంది. మీ దగ్గర ఏది ఉన్నా ఈ పాఠం వర్తిస్తుంది.

పైన చెప్పిన 36 కిలోలు కదలకుండా నిలబడినప్పటి మాట. బండరాయి మీది నుంచి దూకి వెనక చక్రం మీద దిగితే అది రెట్టింపు దాటడం మామూలే.

ప్యాడ్ మంచిదా కాదా అన్నప్పుడు రెండు గుణాలను విడివిడిగా చూడాలి. ఒకటి కరవడం: లివర్ ముట్టుకోగానే చక్రం టక్కున ఆగడం. రెండోది నిలవడం: ఆగిన చక్రం మీద ఎంత బరువు పడ్డా జారకపోవడం. కొత్తవాళ్లు కరిచే ప్యాడ్‌ని చూసి మురిసిపోతారు, ఎందుకంటే సైకిల్‌ని ముందుకు తోసి బ్రేకు నొక్కి చూస్తే తెలిసేది అదొక్కటే. గట్టు అంచున వెనక చక్రం మీద నిలబడ్డప్పుడు మిమ్మల్ని కాపాడేది రెండోది. నన్నడిగితే ముందు నిలవడం చూసుకోండి. కరవడం తక్కువైతే వేలు సర్దుకుంటుంది. నిలవని బ్రేకుతో మాత్రం ఒళ్లు ఎప్పటికీ నమ్మకంగా గెంతదు.

ఇక ఎంపిక. ప్యాడ్ కొనేముందు రిమ్‌ని చూడండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఎవరో బాగుందన్న ప్యాడ్ తెప్పించుకుని, తమ రిమ్ మీద పనిచేయలేదని తిట్టుకుంటారు. ఆ చెప్పినాయన రిమ్ ఎలాంటిదో అడగరు.

రిమ్ పక్కగోడ మీద గోరుతో అడ్డంగా గీయండి. గోరు జారిపోతే నున్నటి రిమ్. గోరు చిన్నచిన్న గీతల్లో తట్టుకుంటూ పోతే గ్రైండర్‌తో గరుకు చేసిన రిమ్. గీతలు కంటికి కనిపిస్తున్నా గోరుకి తగలకపోతే అది గరుకు చచ్చిన రిమ్. ఇది సెకండ్ హ్యాండ్ సైకిళ్ల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఇలా గ్రైండర్ పెట్టి రిమ్‌ని గరుకు చేయడం ట్రయల్స్‌లో పాత అలవాటే. గీతల అంచులు ప్యాడ్‌లోకి దిగబడి పట్టుకుంటాయి, తడిలో కూడా వదలవు. కాకపోతే గ్రైండర్ పెట్టిన ప్రతిసారీ గోడ పలచబడుతుంది, అరుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది, మెత్తటి ప్యాడ్ పెడితే వారాల్లో తురుమైపోతుంది.

నున్నటి రిమ్‌కి మెత్తటి ప్యాడ్, గరుకు రిమ్‌కి గట్టి ప్యాడ్. మొదటి మెట్టు ఇంతే. హీట్‌సింక్, కౌస్ట్, టీఎన్ఎన్ లాంటి పేర్లు మీకు కనబడతాయి. ఒకే పేరు మీద రకరకాల గట్టిదనాలు అమ్ముతారు కాబట్టి పేరు చూసి కొనకండి. నున్నటి రిమ్‌కా, గరుకు రిమ్‌కా అన్నది ప్యాకెట్ మీద గానీ అమ్మేవాడి వివరణలో గానీ రాసి ఉంటుంది, దాన్ని బట్టి తెప్పించుకోండి. మెత్తదనం వేలితో తేల్చుకోవాలంటే ప్యాడ్ అంచుని బొటనవేలి గోరుతో నొక్కండి. మెత్తటిదైతే గోరు గుర్తు పడి నెమ్మదిగా మాయమవుతుంది. గట్టిదైతే గుర్తే పడదు.

పొడి రోజుల్లో మాత్రమే తొక్కేవారికి నా సలహా: గ్రైండర్ జోలికి వెళ్లకండి. నున్నటి అల్యూమినియం మీద మెత్తటి పాలీయురేథేన్ ప్యాడ్ పొడిగా ఉన్నంతసేపూ చాలా బాగా నిలుస్తుంది. దాని బలహీనత నీళ్లు, అవి మనకు ఇప్పుడు లేవు. ఒక్క మినహాయింపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు. బయట పెట్టిన సైకిల్ రిమ్ మీద మంచు పడి ఉంటుంది, కంటికి ఆనదు. మొదటి గెంతుకి ముందు పొడిగుడ్డతో చుట్టూ తుడవాల్సిందే.

నున్నటి రిమ్‌కి ఇంకా పట్టు కావాలంటే ట్రయల్స్‌వాళ్లు తారు రాస్తారు. తారు ముక్కతో రిమ్ గోడ మీద అక్కడక్కడ గీతలు గీసి, బ్రేకు సగం నొక్కి నాలుగు చుట్లు తిప్పితే పలచటి పొరలా పరుచుకుంటుంది. రిమ్ కాస్త గోధుమరంగుకి తిరిగితే చాలు, నల్లగా కనబడితే ఎక్కువైనట్టే. ఈ చిట్కా పుట్టింది చల్లటి దేశాల్లో. మన ఎండలో దీనికో తిరకాసు ఉంది. రోడ్లకు వాడే వీజీ-30 తారు 47 డిగ్రీలు దాటాక ఎక్కడైనా మెత్తబడొచ్చు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో నిలబెట్టిన సైకిల్ రిమ్ ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. మెత్తబడ్డ తారు పట్టదు సరికదా, బ్రేకు వదిలాక కూడా ప్యాడ్‌ని జిగురుగా లాగుతుంది. అందుకని రోడ్డు పక్కన రాలిన ముక్క వద్దు, దాంట్లో కంకర పొడి కూడా ఉంటుంది. డాబాల మీద లీకులకు వేసే గట్టి తారు అడగండి. 85/25 అనే రకం మెత్తబడటానికి 80 నుంచి 90 డిగ్రీల దాకా కావాలి. చిన్న ముక్క ఉంటే చాలాకాలం వస్తుంది.

పొడి వాతావరణంలో అసలు శత్రువు దుమ్ము. హైదరాబాద్ చుట్టుపక్కల గుండ్ల మీద సాధన చేసేవారికి ఇది బాగా తెలుసు. గ్రానైట్ రాపిడికి రాలే పొడి మెత్తటి ప్యాడ్‌లో దిగబడి, దాని ముఖాన్ని బూడిదరంగు పొరలా కప్పేస్తుంది. తారు రాసిన రిమ్ మీద అదే పొడి పేస్టులా తయారవుతుంది. అప్పుడు నిన్న అద్భుతంగా నిలిచిన ప్యాడ్ ఇవాళ జారుతుంది, మీరేమో ప్యాడ్ పాడైందనుకుంటారు. కాబట్టి సిమెంటు గట్లు, పార్కు మెట్లు, చెక్క పెట్టెల మీద తొక్కేవాళ్లు మెత్తటి ప్యాడ్, తారుతో నిశ్చింతగా ఉండొచ్చు. ఎప్పుడూ గుట్టల్లోనే తొక్కేవాళ్లకు తారు లేని రిమ్, ఒక మెట్టు గట్టి ప్యాడ్ నయం. పట్టు కొద్దిగా తగ్గుతుంది గానీ గంట తర్వాత కూడా అలాగే ఉంటుంది. గరుకు చచ్చిన రిమ్ ఉన్నవాళ్లకు కూడా ఈ మధ్యరకమే పొసుగుతుంది.

బిగించే ముందు కొత్త ప్యాడ్ ముఖం మీద అచ్చులోంచి వచ్చిన మెరుపు పొర ఉంటుంది. 120 నంబరు ఉప్పుకాగితాన్ని నేలపలక మీద పరిచి, ప్యాడ్‌ని దాని మీద బోర్లించి గుండ్రంగా రుద్దండి, మెరుపు పోయేదాకా. చేతిలో పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రబడతాయి, అలా చేయకండి. ప్యాడ్ వెనక ప్లాస్టిక్ కాకుండా అల్యూమినియం పట్టీ ఉన్నది దొరికితే తీసుకోండి. ప్లాస్టిక్ వంగుతుంది, ఆ వంపు మీ వేలికి లివర్ మెత్తదనంగా తెలుస్తుంది.

తర్వాత ప్యాడ్ రిమ్‌కి సమంగా తగులుతోందో లేదో చూడాలి. అరుపు తగ్గాలని రోడ్డు సైకిళ్లకు ప్యాడ్ ముందు అంచుని కొంచెం లోపలికి వంచుతారు. మనకు అది పనికిరాదు, ముఖమంతా ఒకేసారి ఆనాలి. బళ్లో వాడే సుద్దముక్క తీసుకుని ప్యాడ్ తగిలే చోట రిమ్ గోడకి తెల్లగా పూయండి. చక్రం కదలకుండా బ్రేకు ఒకసారి గట్టిగా నొక్కి వదలండి. ప్యాడ్ తీసి చూస్తే సుద్ద అంటిన చోటే మీకు పనిచేస్తున్న భాగం. పైసగానికే అంటిందా, ప్యాడ్ వంగి ఉంది. రెండు కొసలకే అంటిందా, ముఖం సరిగా రుద్దలేదు. ముప్పావు వంతు అంటేదాకా సర్దుకోవడం, మళ్లీ పూయడం. అయ్యాక సుద్దని పూర్తిగా తుడిచేయాలి, అది కూడా దుమ్మే.

తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మందుల షాపులో దొరికే స్పిరిట్ చాలు. కిరోసిన్ వద్దు, నూనె పొర వదులుతుంది. గొలుసుకి నూనె వేసేటప్పుడు రిమ్ మీద గుడ్డ కప్పండి. బైకుల సర్వీసింగ్ షాపులో కడిగించే అలవాటుంటే, చివర్లో మెరుపు కోసం కొట్టే పాలిష్ స్ప్రేని చేయి అడ్డుపెట్టి ఆపండి. ఆ ఒక్క పిచికారీతో ప్యాడ్ చెడుతుంది, ఉప్పుకాగితం పెట్టి పై పొర తీసేస్తే తప్ప తిరిగి రాదు.

ఈ వారం చేయాల్సిన పని. చదునైన సిమెంటు నేల మీద సైకిల్ నిలబెట్టి, పక్కన ఒకరిని పట్టుకోమనండి. ముందు చక్రం గోడకి ఆనకూడదు. ఆనితే సైకిల్ ముందుకు పోలేదు, జారుడు బయటపడదు. వెనక బ్రేకు ఒక్క వేలితో నొక్కి పట్టాక, ప్యాడ్ అంచు ఎక్కడ ఉందో అక్కడ రిమ్ మీద మార్కర్‌తో సన్నటి గీత గీయమనండి. క్రాంక్ నేలకి సమాంతరంగా పెట్టి, ముందు పెడల్ మీద బరువంతా మోపి మెల్లగా ఊగండి. బ్రేకు వదలకుండానే గీతని చూడమనండి. కదలకపోతే బాగుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగి ఆగిపోతే అది మెత్తటి ప్యాడ్ ఒళ్లు సాగడం, కంగారు అక్కర్లేదు. ఊగిన ప్రతిసారీ జరుగుతూ పోతే మాత్రం జారుతోందన్నమాట. ముందు స్పిరిట్, తర్వాత ఉప్పుకాగితం, తర్వాత సుద్ద, ఈ వరుసలో చూసుకోండి. మూడూ అయినా జారితే అప్పుడు వేరే ప్యాడ్‌కి డబ్బు పెట్టండి.

రిమ్ రకం, ప్యాడ్ పేరు, గీత ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఏడో పాఠంలో అదే రిమ్ మీద చెంబుడు నీళ్లు పోసి ఇదే పరీక్ష మళ్లీ చేస్తాం.