లోడ్ బ్యాలెన్సర్ స్క్రిప్టుతో క్యాష్ గడువును నిర్ణయించడం

ఒకే సైటుకు పనిచేసే వెబ్ సర్వర్లలో కొన్ని క్యాష్ గడువును (ఫైలు ప్రతిని బ్రౌజరు ఎంతకాలం దాచుకోవచ్చో చెప్పే సూచనను) పంపుతూ, మరికొన్ని పంపకుండా ఉంటే, ఒక్కొక్క సర్వరును సరిదిద్దడం కంటే వాటి ముందుండి రిక్వెస్టులను వాటికి పంచే లోడ్ బ్యాలెన్సర్‌లోనే ఆ గడువును చెప్పే హెడర్లను (రెస్పాన్సుతో పాటు వెళ్లే సమాచార పంక్తులను) అమర్చడం మేలు. అందుకు టీఎల్ఎస్ కనెక్షన్ అక్కడే ముగియాలి, అంటే గుప్తీకరణను బ్యాలెన్సరే విప్పాలి. ఆ బ్యాలెన్సర్ హెచ్ఏప్రాక్సీ అయితే హెచ్‌టీటీపీ మోడ్‌లో నడవాలి, ఎఫ్5 బిగ్-ఐపీ అయితే దాని వర్చువల్ సర్వరుకు (కనెక్షన్లను అందుకునే చిరునామాకు) హెచ్‌టీటీపీ ప్రొఫైల్ జతచేసి ఉండాలి.

ఇక్కడ అసలు చిక్కు ఒకటుంది. ఏ ఫైలు అడిగారన్నది రిక్వెస్టులో తెలుస్తుంది, కానీ హెడరు చేర్చవలసినది రెస్పాన్సుకు. అప్పటికి స్క్రిప్టుకు ఫైలు దారి అందుబాటులో ఉండదు. కాబట్టి రిక్వెస్టు వచ్చినప్పుడే దారిని పరిశీలించి, అది సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ లేదా బొమ్మ అయితే ఒక వేరియబుల్‌లో గుర్తు పెట్టుకోవాలి. హెచ్ఏప్రాక్సీలో ఆ వేరియబుల్‌కు ట్రాన్సాక్షన్ పరిధి (ఒక రిక్వెస్టు, దాని రెస్పాన్సు వరకే) ఇస్తే చాలు, రెస్పాన్సు వెళ్లాక అది తనంతట తానే పోతుంది. బిగ్-ఐపీ స్క్రిప్టైన ఐరూల్‌లో మాత్రం వేరియబుల్ కనెక్షన్ ఉన్నంతకాలం నిలిచి ఉంటుంది. ప్రతి రిక్వెస్టు మొదట్లో దాన్ని సున్నా చేయకపోతే, సీఎస్ఎస్ ఫైలు కోసం పెట్టిన గుర్తు అదే కనెక్షన్‌పై తర్వాత వచ్చిన లాగిన్ పేజీకి కూడా వర్తించి, ఆ పేజీ బ్రౌజరులో రోజుల తరబడి ఉండిపోతుంది.

రెస్పాన్సు దశలో స్టేటస్ 200 (సరే) లేదా 304 (ఫైలు మారలేదు) అయినప్పుడే గడువును చెప్పే క్యాష్-కంట్రోల్ హెడరును పెట్టాలి. లేకుంటే ‘దొరకలేదు’ అని చెప్పే 404 పేజీకి కూడా దీర్ఘాయుష్షు పోసినట్లవుతుంది. సెట్-కుకీ (బ్రౌజరుకు కుకీ ఇచ్చే హెడరు) ఉన్న రెస్పాన్సులను ముట్టుకోకూడదు. సర్వరు ముందే పంపిన విలువ ఉండవచ్చు గనుక కొత్తది చేర్చే ఆదేశం కాక, పాతదాన్ని తొలగించి పెట్టే ఆదేశాన్ని వాడాలి: ఐరూల్‌లో రీప్లేస్, హెచ్ఏప్రాక్సీలో సెట్-హెడర్.

క్యాష్-కంట్రోల్‌లో గడువును తెలిపే మ్యాక్స్-ఏజ్ విలువ సెకన్లలో ఉంటుంది: రోజుకు 86400, వారానికి 604800. పేరులోనే వెర్షన్ ఉన్న ఫైళ్లకు ఏడాది, అంటే 31536000 ఇవ్వవచ్చు. పేరు మారని ఫైళ్లకు అంత గడువు ఇస్తే, బ్రౌజరులో చేరిన ప్రతిని వెనక్కి రప్పించే దారి స్క్రిప్టుకు ఉండదు. గడువు ముగిసే తేదీని చెప్పే ఎక్స్‌పైర్స్ హెడరుకు జీఎంటీలో తేదీని లెక్కగట్టాలి. మ్యాక్స్-ఏజ్ ఉన్నచోట బ్రౌజర్లు ఎక్స్‌పైర్స్‌ను పట్టించుకోవు కాబట్టి, నా ఉద్దేశంలో ఆ శ్రమ అనవసరం.

పరీక్షకు ఒక్క ఫైలును అడిగి చూస్తే సరిపోదు. కమాండ్ లైన్ నుంచి వెబ్ చిరునామాలను అడిగే కర్ల్ సాధనానికి ఒకే ఆదేశంలో మొదట సీఎస్ఎస్ చిరునామాను, వెంటనే హెచ్‌టీఎంఎల్ పేజీ చిరునామాను ఇస్తే రెండూ ఒకే కనెక్షన్‌పై వెళ్తాయి; రెండో దానిలో మ్యాక్స్-ఏజ్ కనిపిస్తే, వేరియబుల్ సున్నా కావడం లేదన్నమాట.