పోలీసులు క్యాంపస్‌లోకి వచ్చిన రాత్రి విద్యార్థి రేడియో ఎలా నడపాలి?

2024 ఏప్రిల్ 30 రాత్రి న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో పోలీసులు హామిల్టన్ హాల్‌ని ఖాళీ చేయించారు. గాజా యుద్ధానికి నిరసనగా విద్యార్థులు ఆ భవనాన్ని ఆ రోజు తెల్లవారుజామునే తమ చేతుల్లోకి తీసుకున్నారు. బయటి విలేకరులు చాలామంది గేటు అవతలే ఉండిపోయారు. ఆ రాత్రి లోపలి కబురు ప్రపంచానికి చేరవేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది డబ్ల్యూకేసీఆర్ 89.9 ఎఫ్‌ఎం. మామూలు రోజుల్లో అది జాజ్ సంగీతం వేసుకునే విద్యార్థుల స్టేషన్. వినేవాళ్లు ఎగబడేసరికి దాని వెబ్‌సైట్ కుప్పకూలింది, ఎఫ్‌ఎం మాత్రం నడుస్తూనే ఉంది. 1968లో అదే ఏప్రిల్ 30న అదే క్యాంపస్‌లో పోలీసులు ఏడు వందల మందికి పైగా అరెస్టు చేసినప్పుడూ ఈ స్టేషనే ప్రసారం చేసింది.

అమెరికాలో చదువుతూ కాలేజీ రేడియోలో పనిచేసే మన పిల్లలు ఉన్నారు. వాళ్లకూ, ఇలాంటి ప్రసారం తెర వెనుక ఎలా సాగుతుందో తెలుసుకోవాలనుకునే వాళ్లకూ ఈ వ్యాసం.

1. ముందు స్టూడియో సంగతి చూడండి

అందరూ బయటికి పరుగెత్తాలనుకుంటారు. నన్నడిగితే, మీలో నిదానస్తుణ్ణి మైకు ముందు కూర్చోబెట్టండి. బయటినుంచి వచ్చే ప్రతి కాల్‌నీ ప్రసారంలోకి వదలాలో వద్దో తేల్చేది ఆ మనిషే. పక్కన ఇంకొకరు ఫోన్లు ఎత్తాలి, మరొకరు వచ్చిన కబురు నిజమో కాదో చూస్తూ ఉండాలి. ఒక్కరే ఈ మూడు పనులూ చేస్తే గంటలోపే నోరు జారుతుంది. రాత్రంతా నడిచే పని కాబట్టి ఎవరు ఎప్పుడు లేచి ఎవరు కూర్చోవాలో సాయంత్రమే రాసి పెట్టుకోండి.

లైసెన్సు నిబంధనలు గొడవ జరుగుతోందని ఆగవు. అమెరికాలో ప్రతి స్టేషనూ గంటకోసారి తన పేరూ ఊరూ చెప్పాలి. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఎఫ్‌ఎంలో బూతులు వెళ్లకూడదు. నినాదాల్లో అవి దొర్లుతూనే ఉంటాయి. పది దాటేదాకా గుంపు మధ్యలో మైకు తెరిచి ఉంచకుండా, రిపోర్టర్ నోటితోనే చెప్పించండి.

2. ఎవర్ని పంపాలి, ఏం పట్టుకెళ్లాలి

ఒంటరిగా ఎవర్నీ పంపొద్దు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు చుట్టూ చూడాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లను, వాళ్లెంత ఉత్సాహపడ్డా, పోలీసు వరుస దగ్గరికి పంపకపోవడమే నయం. కేసు నిలబడకపోయినా అరెస్టు రికార్డు వీసా దగ్గర ప్రశ్నగా మారుతుంది. 2025 వసంతంలో అమెరికా వందలాది విద్యార్థుల వీసాలు రద్దు చేసింది. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వెళ్లినవాళ్లకు స్టూడియోలో బోలెడు పని ఉంది. అదేం చిన్న పనీ కాదు.

వెళ్లేవాళ్ల చేతిలో ప్రెస్ కార్డు, నిండుగా ఛార్జింగ్ ఉన్న ఫోను, పవర్‌బ్యాంకు ఉండాలి. వేలిముద్రతో, మొహంతో ఫోను తెరుచుకునే ఏర్పాటు ఆపేసి అంకెల పాస్‌కోడ్ పెట్టుకోండి. లాయరు నంబరు చేతిమీద చెరగని ఇంకుతో రాసుకోండి, ఫోను లాక్కుంటే అందులోని నంబరు ఎందుకూ పనికిరాదు. విద్యార్థి విలేకరులకు స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్ ఉచితంగా న్యాయ సలహా ఇస్తుంది. ఇక వేలమంది ఒకేచోట చేరితే డేటా మొరాయిస్తుంది. యాప్‌లను నమ్ముకోకుండా మామూలు ఫోన్‌కాల్‌నే స్టూడియో కన్సోల్‌కు (గొంతుల్ని కలిపి ప్రసారానికి పంపే పరికరానికి) కలిపి, ముందే ఒకసారి సరిచూసుకోండి.

3. ఎక్కడ నిలబడి ఏం చూస్తున్నారో చెప్పండి

అసలు విద్య ఇక్కడే ఉంది. ఆకాశవాణిలో క్రికెట్ కామెంటరీ విన్నవాళ్లకు తెలుసు: ఫీల్డర్ ఎటువైపు ఉన్నాడో చెప్పకపోతే బంతి ఎటు పోయిందో అర్థం కాదు. ఇక్కడా అంతే. ముందు మీరు నిలబడ్డ చోటు, ఎంత దూరం, మీకు అడ్డమేముంది. ఆ తర్వాతే జరుగుతున్నది. ‘హాలు తలుపుకి వందడుగుల దూరంలో మెట్లమీద ఉన్నాను, హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు రెండు వరుసల్లో లోపలికి వెళ్తున్నారు, లోపల ఏం జరుగుతోందో నాకు కనిపించడం లేదు’ అంటే వినేవాడి ముందు ఆ చోటు నిలుస్తుంది. ‘భయంకరంగా ఉంది’ అంటే ఏమీ నిలవదు.

‘నాకు కనిపించడం లేదు’ అనడానికి సిగ్గుపడొద్దు. ఆ రాత్రి పోలీసులు విలేకరులను హామిల్టన్ హాల్ దగ్గర్నుంచి దూరంగా నెట్టేశారు. లోపల ఒక పోలీసు అధికారి తుపాకీ పొరపాటున పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఆ సంగతి బయటపడింది రెండు రోజుల తర్వాతే. లోపలంతా ప్రశాంతంగా జరిగిపోయిందని బయటినుంచి ఎవరైనా చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. విలేకరిని ఎక్కడినుంచి ఎక్కడికి నెట్టారన్నదీ వార్తే. సమయంతో సహా చెప్పండి.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త. మర్నాడు న్యూయార్క్ మేయర్ సుమారు 300 మంది అరెస్టయ్యారన్నారు. పోలీసుల లెక్క 282. అందులోనూ 173 మంది కొలంబియా వాళ్లు కాదు, అదే రాత్రి న్యూయార్క్‌లోని మరో కాలేజీ, సిటీ కాలేజీలో పట్టుబడ్డవాళ్లు. అందుకే ‘నా కళ్లముందు ఇరవైమందిని బస్సెక్కించారు’ అన్నది మీ అంకె, ‘పోలీసులు ఇంతమంది అంటున్నారు’ అన్నది వాళ్ల అంకె. రెంటినీ కలపొద్దు.

అరెస్టయినవాళ్ల పేర్లు వాళ్లో, వాళ్ల తరఫువాళ్లో ఒప్పుకుంటే తప్ప ప్రసారంలోకి పోకూడదు. ఎవరు ఏ గదిలో దాక్కున్నారో, పోలీసులు ఎటునుంచి వస్తారని గుంపు అనుకుంటోందో కూడా చెప్పకండి. రెండువైపులవాళ్లూ మీ స్టేషన్ వింటూనే ఉంటారు.

4. ‘వెళ్లిపోండి’ అన్నప్పుడు

పోలీసుల హెచ్చరికను వీలైతే ఉన్నదున్నట్టు వినిపించండి. విలేకరినని చెప్పి, ఎక్కడ నిలబడొచ్చో అడగండి, ఆ మాటా రికార్డవుతుంది. వాదనకు దిగొద్దు. ప్రైవేటు యూనివర్సిటీలో ప్రెస్ కార్డు మీకు కవచం కాదు, అక్కడ ఎవరుండొచ్చో చెప్పే అధికారం యాజమాన్యానికి చాలావరకు ఉంటుంది.

నిరసనకారులతోపాటు మూసిన తలుపుల వెనక్కి వెళ్లాలా అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. 2024 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో దాని అధ్యక్షుడి కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించినప్పుడు, వార్త కోసం లోపలికి వెళ్లిన ‘స్టాన్‌ఫర్డ్ డైలీ’ అనే విద్యార్థి పత్రిక విలేకరినీ అరెస్టు చేశారు. కేసు పెట్టబోమని ప్రాసిక్యూటర్ ప్రకటించింది 2025లో. అన్ని నెలలపాటు కత్తి మెడమీద వేలాడినట్టే. వెళ్లాలనుకుంటే ఎడిటర్‌తో, లాయరుతో ముందే మాట్లాడుకోండి, అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయం కాదది.

5. మన దగ్గరైతే?

ఇండియాలో క్యాంపస్ రేడియోకి ఈ వీలే లేదు. క్యాంపస్‌లకు ఇచ్చే కమ్యూనిటీ రేడియో లైసెన్సు సొంత వార్తల్ని ఒప్పుకోదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నవి ఉన్నట్టుగానో, స్థానిక భాషలోకి అనువదించో వేసుకోవచ్చంతే. 2025లో కంచ గచ్చిబౌలి భూముల గొడవలో పోలీసులు హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థుల్ని అదుపులోకి తీసుకున్నారు. అలాంటి రోజున కూడా లైసెన్సున్న క్యాంపస్ ఎఫ్‌ఎం లైవ్ వార్తలు చెప్పడానికి వీల్లేదు. నాకైతే ఇది అర్థంలేని కట్టడి అనిపిస్తుంది. అది మారేదాకా, ఇక్కడివాళ్లు పై పద్ధతులన్నీ ఫోన్లో రికార్డు చేసే పాడ్‌కాస్టుకు వాడుకోవాల్సిందే. స్టేషన్ పేరు మాత్రం దానికి తగిలించకండి, లైసెన్సుకే ఎసరొస్తుంది.

6. తెల్లారాక

ప్రసారమంతా గడియారం చూసుకుంటూ రికార్డు చేసి, రెండు చోట్ల దాచండి. పొరపాటుగా చెప్పినదేదైనా ఉంటే ప్రసారంలోనే సరిదిద్దండి, పాత రికార్డును చెరపొద్దు. ఎవరైనా ఆ టేపులు ఇమ్మంటే లాయరు చెప్పేదాకా ఇవ్వకండి.

పొద్దున్నే ఇద్దరిని క్యాంపస్‌కి కాకుండా, పట్టుకెళ్లినవాళ్లను ఉంచిన చోటికి, తర్వాత కోర్టుకీ పంపండి. హామిల్టన్ హాల్ కేసులో 46 మందిపై అభియోగాలు పెడితే, జూన్‌లో ప్రాసిక్యూటర్లు వాటిలో ఎక్కువ భాగాన్ని ఎత్తేశారు. పోలీసులు వచ్చిన రాత్రి వినడానికి వేలమంది ఉంటారు, కోర్టు రోజున పదిమందే ఉండొచ్చు. ఆ రోజు కూడా డ్యూటీ చార్టులో ఇప్పుడే రాసి పెట్టుకోండి.