మీ ఎయిర్ రైఫిల్ బ్యారెల్‌కు ఏ పెల్లెట్ కుదురుతుందో తెలుసుకోవడం ఎలా?

నెల్లూరులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లలు నన్ను మొదట అడిగేది, "ఏ పెల్లెట్ మంచిది సార్?" అని. పెల్లెట్ అంటే ఈ రైఫిల్‌లో కాల్చే చిన్న సీసపు గుండు. దానికి జవాబు వాళ్ల బ్యారెలే, అంటే రైఫిల్ గొట్టమే చెప్పాలి. ఒకే మోడల్ రైఫిళ్లు రెండింటిలో ఒకే డబ్బాలోని పెల్లెట్లు కాల్చినా, ఒకటి దగ్గర దగ్గరగా కొడుతుంది, ఇంకొకటి చెదరగొడుతుంది. పూర్వం మూతి నుంచి మందు కూరే తుపాకులకూ అంతే. గుండు చుట్టూ పెట్టే గుడ్డ మందం మారితే గురి మారిపోయేది.

పోటీల్లో వాడే చదును తల పెల్లెట్లు తీసుకోండి. అన్నీ 4.5 మిల్లీమీటర్లవే అంటారు గానీ, డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల కొలత వేరుగా ఉంటుంది. ఒక్కో కొలతలో ఒక్కో డబ్బా చాలు. వాడేముందు పెల్లెట్లను తెల్ల కాగితం మీద పరిచి చూడండి. వెనుక అంచు నొక్కుకుపోయినవి, తెల్లటి పొడి పట్టినవి తీసేయండి. మన సముద్రపు గాలికి డబ్బా మూత తీసి ఉంచితే ఆ పొడి త్వరగా పడుతుంది. అది తుప్పుపట్టిన సీసమే. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

వెనుక గట్టి గోడ, పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లను ఆపి పట్టే పెట్టె) ఉన్న రేంజ్‌లోనే పరీక్ష పెట్టుకోండి. మేడ మీద వద్దు. పెన్నా ఇసుక నింపిన గుడ్డ సంచి మీద రైఫిల్ ఆనించండి. స్ప్రింగ్ బలంతో గాలిని నొక్కి కాల్చే స్ప్రింగ్ రైఫిల్ అయితే సంచికి, రైఫిల్‌కు మధ్య మీ అరచేయి పెట్టి వదులుగా పట్టుకోండి. బిగించి పట్టుకుంటే ఆ కుదుపుకే గురి తప్పుతుంది.

కొలత మార్చిన ప్రతిసారీ మొదటి పది షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు. బ్యారెల్ కుదుటపడనివ్వండి. ఆ తర్వాత ఐదేసి షాట్లతో నాలుగు టార్గెట్ కార్డులు కొట్టండి. మధ్యలో సైట్లు (గురి చూసే అమరికలు) ముట్టుకోకండి. గ్రూప్, అంటే ఆ ఐదు రంధ్రాల గుంపు, పక్కకు పడినా పర్వాలేదు, ఎంత బిగువుగా ఉందన్నదే ముఖ్యం. దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, పెల్లెట్ వెడల్పు 4.5 తీసేయండి. టార్గెట్ నడిమధ్యనున్న 10వ రింగు వెడల్పు అర మిల్లీమీటరే కాబట్టి కొద్దిపాటి తేడా కూడా స్కోరులో కనిపిస్తుంది.

ఒక్క కార్డు అద్భుతంగా వచ్చిందని మోసపోకండి. నాలుగూ నిలకడగా వచ్చిన కొలతనే ఎంచుకుని, డబ్బా మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) రాసుకోండి. అదే లాట్‌లో ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోండి. లాట్ మారితే మళ్లీ పరీక్ష పెట్టాల్సిందే.