సర్వర్ క్లోన్ చేస్తున్నారా? ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి

2025 ఆగస్టు 29 నుంచి వస్తున్న విండోస్ అప్‌డేట్లు వేశాక చాలాచోట్ల కొన్ని యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తించడం మానేశాయి. షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు. రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి రానివ్వదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంది. కారణం ఒక్కటే: పాత గుర్తింపులు చెరిపే విండోస్ టూల్ సిస్‌ప్రెప్ నడపకుండా క్లోన్ చేయడంతో ఆ యంత్రాలన్నిటికీ ఒకే ఎస్ఐడీ (విండోస్ యంత్రపు గుర్తింపు సంఖ్య) ఉంది. విండోస్ 11లో 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లు, వాటితోపాటు విండోస్ సర్వర్ 2025 ఇప్పుడు దాన్ని ఒప్పుకోవు. ఏళ్ల తరబడి "ఏం కాదులే" అని నడిపిన క్లోన్లన్నీ ఒక్క అప్‌డేట్‌తో బయటపడ్డాయి.

అయినా ఇది చిన్న దెబ్బే. లాగిన్ ఆగింది, డేటా ఎక్కడికీ పోలేదు. బ్యాకప్ మీడియా నుంచి రిస్టోర్ చేసి రెండో సర్వర్ నిలబెట్టేవాళ్ల కొంప ముంచేది వేరే ఉంది. ఇమేజ్ ఎలా తీయాలో, ఏ బటన్ నొక్కాలో మీ టూల్ మాన్యువల్‌లో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ జోలికి పోవడం లేదు.

అసలు తప్పు

క్లోన్‌ను మొదటిసారి బూట్ చేసేటప్పుడు నెట్‌వర్క్ కేబుల్ పెట్టి ఉంచడం.

రిస్టోర్ అయిన యంత్రానికి తాను నకలునన్న సంగతి తెలియదు. బ్యాకప్ తీసిన క్షణంలో కన్ను మూసి, ఇప్పుడు తెరిచినట్టు లేస్తుంది. అసలు సర్వర్‌ను తానే అనుకుని, ఆగిన చోటి నుంచి పని అందుకుంటుంది. అదే ఐపీ తనదని ఏఆర్‌పీలో (ఏ ఐపీ ఏ యంత్రానిదో చెప్పుకునే పద్ధతి) చాటుతుంది. గేట్‌వే దాని మాట నమ్మితే వాడుకరుల్లో కొంతమంది ఇటు, కొంతమంది అటు పోతారు. బ్యాకప్ నాటికి మెయిల్ క్యూలో మిగిలిన ఉత్తరాలన్నీ మళ్లీ బయటికి పోతాయి. క్రాన్‌లో (సమయానికి పనులు నడిపే లినక్స్ సేవ) రాత్రి రెండింటికి నడిచే బిల్లింగ్ స్క్రిప్ట్ రెండుసార్లు నడుస్తుంది. ఒక సర్వర్ పడితే ఇంకొకటి అందుకునేలా చేసే కీప్‌అలైవ్‌డీ ఉంటే, అవి పంచుకునే వర్చువల్ ఐపీ కోసం కూడా పోటీకి దిగుతుంది. బ్యాకప్ ఏజెంట్ పాత క్లయింట్ పేరుతోనే బ్యాకప్ సర్వర్‌కు హాజరు వేయించుకుంటుంది. దాంతో అసలు సర్వర్ బ్యాకప్ వరుసలో క్లోన్ డేటా కలిసిపోతుంది.

వీటన్నిటికంటే ఘోరం ఐస్కజీ స్టోరేజ్, అంటే నెట్‌వర్క్ మీదుగా సొంత డిస్క్‌లా వాడుకునే బయటి స్టోరేజ్. ఇనిషియేటర్ పేరు (స్టోరేజ్‌కు సర్వర్ చెప్పుకునే పేరు) డిస్క్ మీద ఒక చిన్న ఫైల్‌లో ఉంటుంది. అక్కడ లాగిన్‌కు వాడే చాప్ పాస్‌వర్డ్ కూడా కాన్ఫిగ్‌లోనే ఉంటుంది. రెండూ బ్యాకప్‌తో పాటే వచ్చేస్తాయి. క్లోన్ బూట్ అవుతూనే అదే పేరుతో లాగిన్ అవుతుంది, స్టోరేజ్ పెట్టె ఏ అనుమానమూ లేకుండా లోపలికి రానిస్తుంది. బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లైను ఉంది కదా, అదే ఎల్‌యూఎన్‌ను (స్టోరేజ్ పెట్టె ఇచ్చిన డిస్క్) క్లోన్ కూడా మౌంట్ చేస్తుంది. అసలు సర్వర్ ఇంకా రాస్తూనే ఉంటే, ఇది వచ్చి జర్నల్ (ఫైల్‌సిస్టమ్ మార్పుల చిట్టా) రీప్లే చేస్తుంది. లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లు ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్ఎస్ ఒక్క యంత్రమే తమను వాడుతుందన్న నమ్మకం మీద కట్టినవి. ఏ బ్లాక్ ఖాళీగా ఉందో ఎవరి లెక్క వారి మెమరీలో ఉంటుంది, పక్కవాడి లెక్క ఇద్దరికీ తెలియదు. ఒకరు ఖాళీ అనుకున్న బ్లాక్‌లో ఇంకొకరు అప్పటికే రాసి ఉంటారు. మొదటి నిమిషాల్లో ఎర్రర్ కూడా రాదు. అదే దీనిలోని మోసం. గంటల తర్వాత డైరెక్టరీలు చదవబడకుండా పోయేసరికి, మరమ్మతు టూల్ ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే మిగిలేది లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో పేర్లు లేని ఫైళ్ల గుట్ట.

అందుకే, కేబుల్ పీకండి. ఒకటి పీకి ఊరుకోవద్దు. బాండింగ్‌లో (కేబుళ్లను జత కట్టి వాడటం) రెండుంటాయి, ఫైబర్ ఛానెల్ హెచ్‌బీఏకు (స్టోరేజ్ కార్డ్) వేరే ఉంటాయి, అన్నీ పీకాలి. వర్చువల్ మెషిన్ అయితే పవర్ ఆన్ చేసే ముందే నెట్‌వర్క్ అడాప్టర్ కనెక్షన్ టిక్ తీసేయండి, ఆన్ చేశాక తీస్తే ఆలస్యమే. మేనేజ్‌మెంట్ పోర్ట్ మాత్రం ఉంచుకోవచ్చు. దాని వెనకున్న బీఎంసీ (సర్వర్‌ను దూరం నుంచి నడిపే చిన్న చిప్) సెట్టింగులు డిస్క్ ఇమేజ్‌లో ఉండవు. పని అంతా ఆ కన్సోల్ మీదే చేయండి.

"డీహెచ్‌సీపీ ఉంది, మ్యాక్ అడ్రస్ వేరు, ఐపీ వేరేది వస్తుందిలే" అనుకోవద్దు. లినక్స్‌లో నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ, ఐపీ అడిగేటప్పుడు చెప్పే తన క్లయింట్ గుర్తింపును మెషిన్-ఐడీ ఫైల్ నుంచి తయారు చేసుకుంటుంది. ఆ ఫైల్ క్లోన్ అయితే, మ్యాక్ వేరైనా రెండు యంత్రాలకూ ఒకే ఐపీ రావచ్చు.

మీడియా దగ్గర

యూఎస్‌బీని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే ఒక్క ఫైల్ 4 జీబీ దాటదు. ఇమేజ్‌ను ముక్కలు చేయండి, లేదా వేరే ఫైల్‌సిస్టమ్ వాడండి. టేప్ అయితే డ్రైవ్ తరం చూసుకోండి. ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఎల్‌టీఓ-7 వరకే చదువుతుంది, ఎల్‌టీఓ-6 టేప్ దానిలో పెడితే అక్కరకు రాదు. లినక్స్‌లో టేప్‌కు ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ0 అని రెండు పేర్లుంటాయి. ఎస్‌టీ0 వాడితే ప్రతి పని ముగియగానే టేప్ మొదటికి చుట్టుకుంటుంది, రెండో ఆర్కైవ్ మొదటిదాని మీదే పడుతుంది. ఒకే టేప్ మీద ఒకటికి మించి రాస్తుంటే ఎన్‌ఎస్‌టీ0 మాత్రమే.

బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసిన కీ ఆ బ్యాకప్‌లోపలే ఉందా? అయితే మీ దగ్గర బ్యాకప్ లేనట్టే. కీ కాపీ వేరేచోట పెట్టండి.

నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను టార్‌తో (ఫైళ్లను ఒకే ఆర్కైవ్‌గా కట్టే కమాండ్) లాగేస్తే వచ్చేది బ్యాకప్ కాదు. మొదటి ఫైల్ ఒక సమయానిది, చివరి ఫైల్ ఇంకో సమయానిది అవుతుంది. డేటాబేస్ సొంత టూల్‌తో తీయండి, లేదా ఆపి తీయండి.

రిస్టోర్ అయ్యాక, బూట్ చేయకముందు

రిస్టోర్ మీడియాలోంచి బయటికి రాకండి. కొత్త డిస్క్‌ను అక్కడే మౌంట్ చేసి, క్రూట్‌లోకి (ఆ డిస్క్‌నే రూట్‌గా చూపే కమాండ్) వెళ్లి, గుర్తింపులు అక్కడే మార్చేయండి. హోస్ట్‌నేమ్, ఐపీ, ఐస్కజీ ఇనిషియేటర్ పేరు మార్చండి. మెషిన్-ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయండి. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు తీసేసి కొత్తవి పుట్టించండి. క్రాన్, మెయిల్, డేటాబేస్, బ్యాకప్ ఏజెంట్, కీప్‌అలైవ్‌డీ అన్నీ డిసేబుల్ చేయండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో బయటి స్టోరేజ్ లైన్లకు ముందు హ్యాష్ పెట్టండి. తర్వాతే బూట్. అప్పుడు కూడా కేబుల్ లేకుండానే.

హార్డ్‌వేర్ మారితే, బూట్ మొదట్లో డ్రైవర్లు అందించే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మళ్లీ కట్టండి. దాన్ని కట్టే డ్రాకట్ మామూలుగా ఆ యంత్రానికి కావలసిన డ్రైవర్లే పెడుతుంది. కొత్త రెయిడ్ కంట్రోలర్ డ్రైవర్ అందులో లేకపోతే రూట్ డిస్క్ దొరకలేదని ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోతారు.

ఇక మిగిలినవి వరుసగా:

- డీడీ (డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసే కమాండ్) కొట్టే ముందు డిస్క్ సీరియల్ నంబర్ చదవండి. నిన్న ఎస్‌డీఏ అయినది రీబూట్ తర్వాత ఎస్‌డీబీ కావచ్చు. ఇటుది అటైతే ఖాళీ డిస్క్ మీ సోర్స్ మీద పడుతుంది.
- కొత్త డిస్క్ సోర్స్ కంటే ఒక్క సెక్టార్ తక్కువైనా డీడీ పూర్తి కాదు. పెట్టె మీద రాసిన సైజు నమ్మకండి, బైట్లు చూడండి.
- టార్‌తో విప్పేటప్పుడు న్యూమరిక్-ఓనర్ ఆప్షన్ మరవద్దు. మరిస్తే లైవ్ మీడియాలోని పాస్‌వర్డ్ ఫైల్ ప్రకారం యజమానులు మారిపోతారు.
- ఎస్ఈలినక్స్ (లినక్స్ భద్రతా వ్యవస్థ) ఉంటే ఫైళ్లను రీలేబుల్ చేయించండి.
- కాపీ ముగిశాక సోర్స్ డిస్క్‌నూ క్లోన్ డిస్క్‌నూ ఒకే యంత్రానికి తగిలించి ఉంచవద్దు. యూయూఐడీలు (ఫైల్‌సిస్టమ్ గుర్తింపులు) ఒకటే. ఎక్స్‌ఎఫ్ఎస్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయనని మొండికేస్తుంది, ఎక్స్‌టీ4 కిమ్మనదు.
- యూఈఎఫ్‌ఐ బూట్ ఎంట్రీ మదర్‌బోర్డ్‌లో ఉంటుంది, డిస్క్‌లో కాదు. కొత్త యంత్రంలో మళ్లీ రాయండి.
- టీపీఎంకు (యంత్రంలోని భద్రతా చిప్) కట్టేసిన డిస్క్ వేరే యంత్రంలో తనంతట తాను తెరుచుకోదు. విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుండా పని మొదలుపెట్టవద్దు.
- మైఎస్‌క్యూఎల్ రెప్లికా (ప్రధాన డేటాబేస్‌ను అనుసరించే నకలు) అయితే దాని గుర్తింపు ఉండే ఆటో.సీఎన్‌ఎఫ్ తీసేయండి, సర్వర్-ఐడీ మార్చండి. లేదంటే రెండు రెప్లికాలూ ఒకదాన్నొకటి సోర్స్ నుంచి తోసేసుకుంటూనే ఉంటాయి.
- యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌ను డిస్క్ ఇమేజ్‌తో క్లోన్ చేయవద్దు. కొత్త సర్వర్ పెట్టి ప్రమోట్ చేయండి.
- ఏ యంత్రంలో ఉన్నారో చూడగానే తెలిసేలా టెర్మినల్ ప్రాంప్ట్ రంగు మార్చండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోనే డైరెక్టరీ తుడిచేశారు. సుమారు 300 జీబీలో ఆపేసరికి మిగిలింది 4.5 జీబీ. పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ పద్ధతుల్లో ఒక్కటీ సరిగా లేదు. ఆరు గంటల ముందు తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్ ఉండబట్టి బతికారు. రెండు టెర్మినళ్లలోనూ ఒకే హోస్ట్‌నేమ్ కనబడుతుంటే మీ గతీ అదే.
- రెండు యంత్రాల గుర్తింపులూ వేర్వేరని కన్సోల్‌లో కళ్లారా చూశాక, ముందు వేరే వీల్యాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్) ఒక్క కేబుల్ పెట్టండి. ప్యాకెట్లు చూపే టీసీపీడంప్ నడిపి, ఇది ఎవరెవరిని పిలుస్తోందో పది నిమిషాలు చూడండి.
- పాత ఐపీ గానీ, పాత స్టోరేజ్ అడ్రస్ గానీ ఒక్క ప్యాకెట్‌లో కనబడినా కేబుల్ మళ్లీ పీకండి.